సామెతల పెట్టె, అమ్మాయి అభ్యంతరం

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. వచ్చే ఏడాది పదవీ విరమణ. ముప్పై ఏళ్ళుగా సామెతలు సేకరిస్తున్నాను. విన్న ప్రతిదాన్నీ ఒక చిన్న కాగితం ముక్క మీద రాసి రేకు పెట్టెలో దాచాను. రెండు వేలకు పైగా ఉంటాయి. పుస్తకం వేద్దామని అమ్మాయిని టైపు చేయమన్నాను. తనకు ఇరవై నాలుగేళ్ళు, ఉద్యోగం చేస్తోంది. నాలుగు రోజులు టైపు చేసి, మూడు వందల ముక్కలదాకా వేరే కట్ట కట్టి నా బల్ల మీద పెట్టింది. "ఇవి అచ్చు వేయకూడదు నాన్నా. చూపు లేనివాళ్ళను, నడవలేనివాళ్ళను, ఆడవాళ్ళను, కులాలను తిట్టడం తప్ప వీటిలో ఏమీ లేదు" అంది. నాకు కోపం వచ్చింది. మాటా మాటా పెరిగింది. ఆ వాదనలో నేనొక సంగతి చెప్పాను. మొన్న తరగతిలో "గుడ్డి కన్నా మెల్ల మేలు" అన్నాను, చూపు బాగా తక్కువున్న పిల్లవాడు ముందు బల్ల మీదే ఉన్నాడు, అయినా వాడు ఏమీ అనుకోలేదు అని. అమ్మాయి లేచి వెళ్ళిపోయింది. మూడు వారాలుగా ముక్తసరి మాటలే. పొలిటికల్ కరెక్ట్‌నెస్ అంటూ భాషను ఇలా జల్లెడ పట్టుకుంటూ పోతే చివరికి మిగిలేది ఏమిటి? నా ఉద్దేశం చెడ్డది కానప్పుడు నా మాట ఎలా చెడ్డదవుతుంది?
— ఒక తెలుగు మాస్టారు

సమాధానం:

మాస్టారూ, నమస్కారం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మనసు మీ వైపే మొగ్గింది. ముప్పై ఏళ్ళ సేకరణలోంచి మూడు వందల ముక్కలు తీసి కట్ట కడితే ఎవరికైనా ప్రాణం చివుక్కుమంటుంది. రెండోసారి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "వాడు ఏమీ అనుకోలేదు" అని రాశారు. వాడు ఏమీ అనలేదు, మీకు తెలిసింది అంతవరకే. అనుకోలేదని ఎలా తెలుసు? తెలుగు మాస్టారికి అనడానికీ అనుకోవడానికీ ఉన్న తేడా నేను చెప్పనక్కరలేదు.

ఆ పిల్లవాడి చోట ఒక్క నిమిషం కూర్చుని చూడండి. బోర్డు మీది అక్షరాలు కొంచెమైనా కనబడతాయని ముందు బల్ల మీద కూర్చున్నాడు. మీరు బోర్డు ముందు నిలబడి "గుడ్డి కన్నా మెల్ల మేలు" అన్నారు. మీ మనసులో ఉన్నది మార్కుల సంగతో మరొకటో అయి ఉంటుంది. అసలు లేనిదానికంటే అంతో ఇంతో ఉండటం నయం అని చెప్పబోయారు. వెనక బల్లల వాళ్ళకు అది సామెతగానే వినబడింది. వాడికి మాత్రం అది ఒక కొలబద్ద. దాని మీద అన్నిటికంటే కింద ఉన్న గీత తనది. నవ్వినవాళ్ళు నవ్వి ఉంటారు, ఒకరిద్దరు వాడి వైపు చూసి ఉంటారు. ఆ వయసు పిల్లవాడు లేచి "మాస్టారూ, ఆ మాట నాకు తగిలింది" అంటాడా? తలవంచుకుని పుస్తకం కళ్ళకు మరికాస్త దగ్గరగా పెట్టుకుంటాడు, అంతే.

మీ అమ్మాయి లేచి వెళ్ళిపోయింది సామెతల మూలాన కాదని నాకు అనిపిస్తోంది. "వాడు ఏమీ అనుకోలేదు" అన్న ఆ వాక్యం మూలాన.

ఇక మీరు అడిగిన జల్లెడ సంగతి. మన భాషను మనం ఏనాటి నుంచో జల్లెడ పడుతూనే ఉన్నాం. ఇంట్లో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరిపోయిందనం, "కొండెక్కింది" అంటాం. ఊరికి బయలుదేరేవాళ్ళు "పోతున్నాను" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, "వెళ్ళివస్తాను" అనిపించి మరీ పంపుతారు. రాత్రిపూట పాము పేరెత్తకుండా "పురుగు" అంటారు. నోరు అదుపులో పెట్టుకోవడం మనకు ఎవరో కొత్తగా నేర్పే విద్య కాదు. అది తెలుగు నేర్చుకోవడంలో భాగంగానే వచ్చింది.

అయితే ఆ జాగ్రత్త అందరికీ సమానంగా దక్కలేదు. నాకున్న బాధంతా ఇక్కడే. చావు విషయంలోనే చూడండి. ఒకరు పరమపదిస్తారు, ఒకరు కన్నుమూస్తారు, ఒకరు చనిపోతారు, ఒకడు చస్తాడు. పోయిన ప్రాణం ఒకటే, హోదాను బట్టి క్రియ మారుతుంది. రేపటి పత్రిక తెరిచి, ఒకే రకమైన కేసులో చిక్కుకున్న ఇద్దరి వార్తలు పక్కపక్కన పెట్టి చదవండి. పెద్ద మనిషి అయితే "విచారణకు హాజరయ్యారు", కూలి మనిషి అయితే "పోలీసులకు చిక్కాడు". నేరం ఇద్దరికీ ఇంకా రుజువు కాలేదు. అయినా "రు"కూ "డు"కూ మధ్య తీర్పు వచ్చేసింది. మీ పాఠశాలలో గంట కొట్టే మనిషిని పిల్లలు ఏమని పిలుస్తారు? మిమ్మల్ని "మీరు" అనే నోళ్ళే ఆయన్ను "నువ్వు" అంటుంటే, భాషలో జల్లెడ ముందునుంచీ ఉన్నదనే కదా అర్థం. పైవాళ్ళకు ఇంతకాలం దక్కిన మర్యాదే మాకూ కావాలని ఇప్పుడు కిందివాళ్ళు అడుగుతున్నారు. దానికి మనం పెట్టుకున్న కొత్త పేరు మీరు రాసిన ఆ ఇంగ్లీషు మాట.

వ్యాకరణంలోకి వెళ్తే మీకు నాకంటే బాగా తెలుసు. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, బండి వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషికీ బండికీ ఒకటే క్రియ. బహువచనంలోకి వెళ్తే గాని ఆమెకు మగవాళ్ళ పక్కన చోటు దొరకదు. దీన్ని ఎవరూ కుట్రపన్ని పెట్టలేదు, చట్టం చేసి ఎవరూ తీసేయలేరు, తీసేయాలని నేనూ అనను. అయినా ఎవరూ చెప్పకుండానే మన నోళ్ళు దీనికో దారి కనిపెట్టాయి. గౌరవించదలచిన స్త్రీని ఒక్కరినే అయినా "ఆవిడ వచ్చారు" అంటాం. భాష పగలలేదు, విరగలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది.

ఉద్దేశం గురించి మీరు అడిగిన ప్రశ్న ఒకప్పుడు నాకు నేను వేసుకున్నదే. ఇరవై ఏళ్ళ కిందట ఒక పత్రికలో ఉప సంపాదకురాలిగా ఉన్నాను. ఒక రాత్రి వచ్చిన వార్తకు "బాలికపై మానభంగం" అని శీర్షిక పెట్టాను. అందరూ వాడే మాట, ఎప్పుడూ వాడే మాట. మర్నాడు మధ్యాహ్నం ఫోను వచ్చింది. అవతల ఆ అమ్మాయి అమ్మమ్మ. కేకలు వేయలేదు. చాలా నెమ్మదిగా అంది: "మా పిల్ల మానానికి ఏమీ కాలేదమ్మా. తప్పు చేసింది వాడు. మానం పోతే వాడిది పోవాలి. మా పిల్లది పోయిందని అంత పెద్ద అక్షరాలతో ఎందుకు వేశారు?"

నా దగ్గర సమాధానం లేదు. ఫోను పెట్టేశాక ఆ మాటను కాగితం మీద విడదీసి రాసుకున్నాను. మానం, భంగం. దాడి చేసినవాడు ఆ మాటలో ఎక్కడా లేడు. విరిగినది ఆమె గౌరవమని మాత్రమే చెబుతోంది, అదీ ఇక అతకనట్లుగా. నా ఉద్దేశం మంచిదే మాస్టారూ. వాడికి శిక్ష పడాలనే ఆ వార్తను మొదటి పేజీలో పెట్టించాను. కానీ ఆ ఇంటికి చేరినది నా ఉద్దేశం కాదు, నా మాట. ఆ తర్వాత నా చేత్తో ఆ మాట రాయలేదు. "అత్యాచారం" అని రాయడం మొదలుపెట్టాను. హద్దు మీరిన నడత అని దాని అర్థం. చేసినవాడి పని మీదికి వేలు చూపే మాట అది.

అప్పటినుంచి క్రియల మీద ఒక కన్ను వేసి ఉంచడం అలవాటయింది. "పాల్పడు" చూడండి. దొంగతనానికి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు, దౌర్జన్యానికి పాల్పడతారు. అదే వరసలో "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అని రోజూ రాస్తాం. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, అలాంటివారిని శిక్షించే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 309వ సెక్షన్ లేదు. చట్టం వదిలేసిన మనిషిని మన క్రియ ఇంకా నేరస్థుల వరసలోనే నిలబెడుతోంది. "ప్రాణం తీసుకున్నాడు" అంటే సరిపోతుంది. పోయే అందమేమీ లేదు.

ఇంత చెప్పాను గనుక మీ భయాన్ని కొట్టిపారేస్తున్నానని అనుకోకండి. మీరు చెప్పినదాంట్లో బలమైన సత్యం ఒకటుంది. మాటలు మార్చడం ఒక పిచ్చి పరుగుగా మారగలదు. ఇడియట్, ఇంబెసైల్ అనేవి బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్నవాళ్ళకు ఒకప్పుడు వైద్యులు వాడిన పారిభాషిక పదాలు. వాటి పక్కన మోరాన్ అనే మాటను 1910లో హెన్రీ గొడార్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చేర్చాడు. మూడూ తిట్లయ్యాయి. వాటి స్థానంలో వచ్చిన "మెంటల్ రిటార్డేషన్" కూడా తిట్టుగా దిగజారి, అమెరికా 2010లో చట్టం చేసి దాన్ని ఆరోగ్య, విద్య, కార్మిక రంగాల కేంద్ర చట్టాల్లోంచి తొలగించింది. బ్రిటన్‌లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు పట్టు తప్పే స్థితి) ఉన్నవాళ్ళ కోసం పనిచేసే స్పాస్టిక్స్ సొసైటీ అనే సేవాసంస్థ, తన పేరే బడిపిల్లల నోట్లో వెక్కిరింతగా మారాక, 1994లో స్కోప్ అని పేరు మార్చుకుంది. చూపులో చులకన అలాగే ఉంటే, ఎంత శుభ్రమైన మాట తెచ్చినా కొన్నాళ్ళకు దానికి అదే మురికి అంటుకుంటుంది.

మన దగ్గర ఇంకో రకం తమాషా జరిగింది. కాదు, తమాషా అనకూడదు, అన్యాయం అనాలి. వికలాంగులు అనే మాట బాగా లేదన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ శాఖ పేరు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమం అయింది. 2015 డిసెంబరులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో దివ్యాంగులు అనే మాట సూచించారు, మరుసటి ఏడాది కేంద్ర శాఖ పేరులో అది చేరింది. హక్కుల కోసం పనిచేసేవాళ్ళు చాలామంది దాన్ని అప్పుడే వ్యతిరేకించారు. మాకు దివ్యత్వం అంటగట్టవద్దు, మా హక్కులు మాకివ్వండి అన్నది వాళ్ళ మాట సారాంశం. ఆ పదం వివాదాస్పదంగానే ఉందని 2019లో ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల కమిటీ కూడా ఎత్తిచూపింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. 2017లో నియమాలు వచ్చాక, ఐదేళ్ళలో పాత ప్రజాభవనాలన్నిటినీ అందరూ వచ్చిపోగలిగేలా మార్చాలంది. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. మీ చుట్టుపక్కల ఉన్న కార్యాలయాల్లో చక్రాల కుర్చీ ఎక్కగల వాలుదారి ఎన్నిటికి ఉందో లెక్కపెట్టండి. పేరులో దైవత్వం ఉంది, మనిషి మెట్ల కిందే ఉన్నాడు. ఇలాంటి మాటల మార్పిడి మీద మీకు కోపం వస్తే నేనూ మీతోపాటే ఉన్నాను. నేను వికలాంగులు అనే రాస్తాను. హక్కుల కోసం వీధికెక్కుతున్న పలు తెలుగు సంఘాలు తమ పేర్లలో ఆ మాటే ఉంచుకున్నాయి గనుక.

చూశారా, ఒక మాట మెత్తగా ఉందా కటువుగా ఉందా అని నేను చూడటం లేదు. ఆ పేరు ఎవరు పెట్టారు అని చూస్తున్నాను. ఇది నేను కనిపెట్టినది కాదు, తెలుగు నేల మీద నూరేళ్ళ కిందటే తేలిన సంగతి. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేరిట జనం కూడారు. అధ్యక్షత వహించిన దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ, నాలుగు వర్ణాల బయటి ఐదోవాళ్ళు అనే అర్థమిచ్చే ఆ "పంచమ" అన్న పేరునే తిరస్కరించారు. తాము ఈ నేలకు మొదటివాళ్ళమన్నారు. అక్కడికక్కడే సభ పేరు ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. మరో ఐదేళ్ళకు, 1922లో, మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అనే పేర్లను అంగీకరించింది. ఆ తర్వాత గాంధీజీ ప్రచారంలోకి తెచ్చిన హరిజన అనే మాట వచ్చింది. అందులో తిట్టు లేదు, పైగా దేవుడి పేరుంది. అయినా 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఆ మాట పెట్టినప్పుడు అంబేడ్కర్, ఆయన పక్షం వాళ్ళు అభ్యంతరం చెప్పి సభ నుంచి బయటికి నడిచారు. కులధ్రువీకరణ పత్రాల్లో ఆ మాట వాడవద్దని కేంద్రం రాష్ట్రాలకు చెప్పడానికి 1982 వరకు పట్టింది. నలభై నాలుగేళ్ళు! పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. మోయవలసినవాళ్ళను మాత్రం అడగలేదు.

అందుకే ఆ పిల్లవాడి విషయంలో మీరు చేయవలసిన పని చిన్నదే, కానీ ఈ వారమే చేయండి. తరగతి ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పకండి, అది వాడిని మళ్ళీ అందరి కళ్ళముందు పెట్టడమే. బడి వదిలాక ఒంటరిగా పిలిచి, "ఆ రోజు ఒక సామెత వాడాను, నువ్వు ముందు ఉన్నావని చూసుకోలేదు, పొరపాటు నాది" అనండి. వాడు "పరవాలేదు మాస్టారూ" అంటాడు. దాన్ని కూడా "ఏమీ అనుకోలేదు" కింద జమ కట్టకండి. బోర్డు కనబడుతోందా, అక్షరాలు ఇంకా పెద్దవిగా రాయాలా అని అడగండి. తన చూపు గురించి చెప్పేటప్పుడు వాడు ఏ మాట వాడతాడో వినండి. ఇకమీద మీరూ ఆ మాటే వాడండి.

మీ అమ్మాయికి కూడా నేను చెప్పేది ఉంది, ఈ భాగం తనకు చదివి వినిపించండి. అమ్మా, నీ అభ్యంతరంలో న్యాయం ఉంది, కానీ కట్ట కట్టి బల్ల మీద పెట్టడం తీర్పు చెప్పడం అవుతుంది, మాట్లాడటం కాదు. ఈ కొత్త మర్యాదలు నీకు నీ చదువు వల్ల, నీ స్నేహితుల వల్ల తెలిశాయి. అవి తెలియకపోవడం నేరం కాదు. తెలిశాక కూడా వినకపోతే అది వేరే సంగతి. ఆ రెంటికీ తేడా చూడకుండా తెలియనివాళ్ళందరినీ చెడ్డవాళ్ళ కింద లెక్కవేస్తే, పల్లెలో ఉన్న మన మేనత్తలూ పెదనాన్నలూ మన ముందు నోరు విప్పడానికి భయపడతారు. వాళ్ళు నోరు విప్పకపోతే నువ్వు చెప్పేది కూడా వినరు. ఒక మాట తప్పని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మూడు వారాల మౌనం అక్కరలేదు.

ఇప్పుడు పెట్టె సంగతి. మాస్టారూ, ఒక్క ముక్క కూడా తీసేయకండి. ఇక్కడ నేను మీ పక్షమే, గట్టిగా. సామెతల సంకలనం సమాజం మంచిగా మాట్లాడిన మాటల జాబితా కాదు, మాట్లాడిన మాటలన్నిటి సాక్ష్యం. భర్త పోయిన ఆడదాన్ని ఎన్ని మాటలతో పొడిచామో, ఏ కులాన్ని ఏ జంతువుతో పోల్చామో చెరిపేస్తే, రేపటి పిల్లలకు అవన్నీ ఎవరో కల్పించినవి అనిపిస్తుంది. గాయపడినవాళ్ళ దగ్గర రుజువు కూడా మిగలదు.

కానీ ఉన్నది ఉన్నట్లు వేసి వదిలేయడమూ సరికాదు. మన నిఘంటువుల్లో ఇది గ్రామ్యం, ఇది నిందార్థం అని పక్కన చిన్న అక్షరాలతో వేయడం మీకు కొత్త కాదు. ఆ మూడు వందల సామెతలకు అలాంటి వ్యాఖ్య రాయండి. ఎవరు ఎవరిని అనేవారు, ఏ సందర్భంలో అనేవారు, దాని వెనక ఉన్న నమ్మకం ఏమిటి అని నాలుగు వాక్యాలు. ఉదాహరణకు "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లు". మనం దీన్ని వినిపించీ లెక్కచేయనివాళ్ళ మీద వాడతాం. చెవిటివాడు అలాంటివాడు కాదు, అతనికి వినిపించదు. పైగా ఆ బొమ్మలో తెలివితక్కువ పని చేసింది శంఖం ఊదినవాడు. వాడుకలో మాత్రం నింద అవతలి మనిషి మీద పడింది. ఇలా విప్పి రాస్తే ఆ సామెత పిల్లలకు ఎంత పాఠమవుతుందో చూడండి. "కుంటిసాకు" దగ్గర ఏమి రాస్తారో చదవాలని నాకు ఇప్పటినుంచే ఆత్రంగా ఉంది.

పుస్తకంలో చదివే సామెత వేరు, మాస్టారి నోటి నుంచి వచ్చే సామెత వేరు అని కూడా గుర్తుంచుకోండి. పుస్తకం నచ్చకపోతే మూసేయవచ్చు. ముందు బల్ల మీద కూర్చున్న పిల్లవాడు మిమ్మల్ని మూసేయలేడు. పాత కావ్యంలో కటువైన మాట వస్తే దాచకుండా చదవండి, అర్థం చెప్పండి, అప్పటి కాలం ఎలాంటిదో చెప్పండి. ఊతపదంగా, అలవాటుగా జారే మాటను మాత్రం నాలుక చివర పట్టుకోండి. "అసలు లేనిదానికంటే కొంత నయం" అన్నా ఆ పిల్లలకు అర్థమయ్యేది.

ఆ వ్యాఖ్యలు మీరొక్కరే రాయకండి. మీకు సామెత ఎక్కడ పుట్టిందో తెలుసు, అమ్మాయికి అది ఎక్కడ తగులుతుందో తెలుసు. రోజుకు పది ముక్కలు చొప్పున ఇద్దరూ కూర్చుని రాస్తే నెల రోజుల్లో కట్ట పూర్తవుతుంది. కుదరని చోట రెండు వ్యాఖ్యలూ వేయండి, కింద ఎవరి అక్షరం వాళ్ళది. ఈ సాయంత్రం ఆ కట్ట విప్పి తన ముందు పెట్టి, మొదటి ముక్క తననే తీయమనండి. సంపాదకులుగా అట్ట మీద ఇద్దరి పేర్లూ వేయించండి. అచ్చయ్యాక నాకొక ప్రతి పంపండి, డబ్బులిచ్చే కొంటాను.